ఆ ఒక్క చిల్లు పెడితే ఏం పోయింది?

ఈ సంక్రాంతికి ఏలూరు వెళ్ళినప్పుడు నాన్నగారు అడిగిన ప్రశ్న ఒకటి ఇంకా చెవిలో జోరీగలా తిరుగుతోంది. కొత్త కారులో ముందు సీట్లో కూర్చుని, డ్యాష్‌బోర్డు మీద పలకంత తెర వంక చూస్తూ "ఇందులో మీ మామ్మ పాట ఎక్కడ పెట్టాల్రా?" అన్నారు.

"ముందు మీ ఫోన్లో బ్లూటూత్ ఆన్ చేసి.." అని మొదలెట్టాను.

"ఫోను సంగతి కాదు, కారు సంగతి అడిగాను" అన్నారు.

ఇరవై ఏళ్ళకి పైగా సాఫ్ట్‌వేర్లో ఉన్నవాడిని. నా దగ్గర జవాబు లేదు. తిరిగి వచ్చేటప్పుడు ట్రైన్లో దారి పొడుగునా ఇదే ఆలోచన. ఆ ఆలోచనే ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మా మామ్మది కొల్లేటి లంక గ్రామం. 1984లో మా బాబాయి గల్ఫ్ నుంచి టూ-ఇన్-వన్ తెచ్చాడు. ఒక సాయంత్రం మామ్మని అరుగు మీద కూర్చోబెట్టి, 90 నిమిషాల క్యాసెట్ నిండా ఆవిడ చేత పాడించాడు. లాలిపాటలు, మంగళహారతులు, మధ్యలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ కథ. వెనకాల బాతుల అరుపులు, ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు, "ఇంకా తిరుగుతోందా అది?" అని మామ్మ అడగడం, అన్నీ రికార్డయ్యాయి. ఆవిడ పోయాక మాకు మిగిలింది ఆ క్యాసెట్ ఒక్కటే. నాన్నగారు హైస్కూల్లో మేష్టారుగా చేసి రిటైరయ్యారు. ఏటా ఫాల్గుణ మాసంలో పెద్దింట్లమ్మ తీర్థానికి కొల్లేటికోట వెళ్ళడం, దారిలో ఆ క్యాసెట్ వినడం ఆయనకి అలవాటు. మా బావగారి పాత అంబాసిడర్లో క్యాసెట్ ప్లేయరు ఉండేది కాబట్టి అన్నేళ్ళూ ఏ ఇబ్బందీ రాలేదు.

2008లో ఆన్‌సైట్ నుంచి వస్తూ ఒక ఐపాడ్ క్లాసిక్ తెచ్చాను, 80 జీబీది. క్యాసెట్ సాగిపోతోందని భయం వేసి దాన్ని ఎంపీ3 చేసి అందులో ఎక్కించాను. దానితో పాటు నాన్నగారి దగ్గరున్న నాటక పద్యాలు, హరికథలు కూడా. అదే ఏడు ఆయనకి కొత్త కారు కొన్నాను. ఏ కంపెనీదన్నది అనవసరం. అందులో కంపెనీ వాళ్ళే బిగించిన సెట్టు ఉంది. రేడియో వస్తుంది, సీడీ ఆడుతుంది, నాలుగు స్పీకర్లు. ఐపాడ్ పెట్టడానికి మాత్రం ఎక్కడా చిల్లు లేదు!

కొల్లేటి సంగతి తెలిసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. బుడమేరు, తమ్మిలేరు, ఇంకా 60కి పైగా డ్రెయిన్లూ కాలవలూ కొల్లేట్లోకి వస్తాయి. సముద్రానికి పోయే దారి మాత్రం ఒక్క ఉప్పుటేరే. మా కారు సెట్టు దీనికి సరిగ్గా తలకిందులు. పోయే దారులు నాలుగు, వచ్చే దారి సున్నా.

మీలో చాలామంది ఆ రోజుల్లో ఈ పాట్లు పడే ఉంటారు. నేను పడ్డవి వరసగా చెప్తాను.

మొదటిది క్యాసెట్ అడాప్టర్. చూడ్డానికి మామూలు క్యాసెట్లాగే ఉండి ఒక తీగ బయటికి వేలాడుతూ ఉంటుంది. లోపల టేపు బదులు చిన్న కాయిల్. సెట్టులోని హెడ్డుకి కావలసింది మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం. అది టేపు నుంచి వచ్చిందా, కాయిల్ నుంచి వచ్చిందా అన్నది దానికి అక్కర్లేదు. బావగారి అంబాసిడర్లో పెడితే ఐపాడ్ ఇట్టే పాడింది. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఫిలిప్స్ వాళ్ళు కాంపాక్ట్ క్యాసెట్ బయటపెట్టింది 1963లో. ఐపాడ్ వచ్చింది 2001లో. నలభై ఏళ్ళ ముందునాటి తలుపులోంచి, దాన్ని చేసినవాళ్ళు కలలో కూడా ఊహించని వస్తువు లోపలికి వెళ్ళిపోయింది. పాత కారు ఒప్పుకుంది, కొత్త కారు ఒప్పుకోలేదు!

రెండోది ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్. సిగరెట్ లైటర్ సాకెట్లో పెడతాం. ఐపాడ్ పాటని ఖాళీగా ఉన్న ఫ్రీక్వెన్సీ మీద అది ప్రసారం చేస్తుంది, కారు రేడియో పట్టుకుంటుంది. ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే రోడ్డు మీద, అటూ ఇటూ కొల్లేటి చెరువులు తప్ప ఏమీ లేనిచోట, బ్రహ్మాండంగా పనిచేసింది. విజయవాడ వైపు వెళ్తుంటే హనుమాన్ జంక్షన్ దగ్గర మొదలైంది అసలు కథ. ఎఫ్ఎంలో ఒక గుణం ఉంది. ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండు సిగ్నళ్ళు వస్తే అవి కలగాపులగం కావు, బలమైనది బలహీనమైనదాన్ని మింగేస్తుంది. మామ్మ లాలిపాట మధ్యలో ఆషాఢం డిస్కౌంటు చీరల ప్రకటన! నాన్నగారు ఏమీ అనలేదు, రేడియో కట్టేశారు. ఆయన అలా మాట్లాడకుండా కట్టేస్తే దానర్థం ఏమిటో ఇంట్లో అందరికీ తెలుసు.

మూడోది సీడీలు. ఎంపీ3లు సీడీలో రాసి ఇచ్చాను. లంకల రోడ్ల మీద గతుకు వచ్చినప్పుడల్లా ఎగిరేది. రెండు ఎండాకాలాలు గడిచేసరికి సీడీలు పాడయ్యాయి.

నాలుగోది సర్వీస్ సెంటర్. "సెట్టు వెనక ఆక్స్ పాయింట్ ఏమైనా ఉందా?" అని అడిగాను. వెనక ఏముందో ఆయనకీ తెలీదు. విప్పితే వారంటీ పోతుందని మాత్రం బాగా తెలుసు. పోనీ సెట్టే మార్చేద్దామంటే అదీ కుదరదు. పాత కార్లలో సెట్టు ఉండే గూడుకి ఒక ప్రమాణం ఉండేది. జర్మనీ వాళ్ళ డిన్ కొలత, తరవాత ఐఎస్ఓ 7736 అయింది. సుమారు 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు. ఏ కంపెనీ సెట్టయినా ఏ కారులోనైనా కూర్చునేది. మా కారులో సెట్టు డ్యాష్‌బోర్డుతో కలిపి పోతపోసినట్టు ఉంది. తీస్తే మిగిలేది వంకర టింకర గొయ్యి. చూడ్డానికి అందంగా ఉంటుందని అలా చేశారట.

ఐదోది తాడేపల్లిగూడెం. ఏలూరు నుంచి హైవే మీద సుమారు 50 కిలోమీటర్లు. అప్పట్లో ఎన్‌హెచ్ 5 అనేవాళ్ళం, ఇప్పుడు 16. గూడెం ఉల్లిపాయల మార్కెట్‌కి వచ్చే లారీలకి సెట్లు బిగించే ఒకాయన ఉన్నాడని నాన్నగారి పాత శిష్యుడొకడు చెప్పాడు. వెళ్ళాం. చిన్న షాపు. ఆయన సెట్టు ఊడదీసి, మూత తీసి, బోర్డు మీద ఐదు నిమిషాలు వేలు తిప్పాడు.

"ఆయ్, మేష్టారండీ, సీడీ నుంచి వాల్యూమ్ చిప్పుకి పాట ఎళ్ళే దారి ఇదండీ. ఇక్కడ మనం ఒక జాకు ఏసేద్దాం. మీరు వైరు గుచ్చితే సీడీ పాట ఆగిపోయి మీ డబ్బా పాట వస్తాది. తీసేస్తే మళ్ళీ సీడీ వస్తాది. ఒకటే చిక్కండీ. సీడీ తిరుగుతుంటేనే సెట్టు ఆ దారి తెరుస్తాది. అందుకని పాటల్లేని సీడీ ఒకటి కావాలండీ."

అర్థమైందా? నిశ్శబ్దం రికార్డు చేసిన సీడీ! సీడీ పాడుతోందని సెట్టు అనుకుంటూ ఉంటుంది, పాడేది ఐపాడ్. మన భాషలో చెప్పాలంటే ఇంటర్‌ఫేస్ లేని పాత సిస్టమ్‌కి మాక్ ఆబ్జెక్ట్ ఇచ్చి బతిమాలడం. ఆ రాత్రి ఇంటికెళ్ళి 74 నిమిషాల నిశ్శబ్దాన్ని సీడీలో రాశాను. నా కెరీర్లో నేను డెలివర్ చేసినవాటిలో ఒక్క బగ్ కూడా రానిది అదే :-)

ఐపాడ్‌ని లైటర్ సాకెట్ నుంచి చార్జింగ్ పెడుతూ పాట వింటే, ఇంజను రెయిజ్ చేసినప్పుడల్లా కుయ్యిమని శబ్దం వచ్చేది. ఎర్త్ రెండు దారుల్లో కలవడం వల్ల ఆల్టర్నేటర్ రొద పాటలోకి దూరుతుంది. దానికీ గూడెం ఆయనే మందు చెప్పాడు. మధ్యలో రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లున్న డబ్బా పెడితే తీగల మధ్య నేరుగా సంబంధం ఉండదు, పాట మాత్రం దాటుతుంది. మొత్తం ఖర్చు 350 రూపాయలు, రెండు టీలు. టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చాడు.

ఇప్పుడు అసలు విషయం. ఆ జాకు ఎన్నాళ్ళు పనిచేసిందో తెలుసా? కారు అమ్మేసిన 2023 దాకా, అంటే 15 ఏళ్ళు. ఆ 15 ఏళ్ళలో బయట ఏమేం జరిగిందో చూడండి. ఐపాడ్ కింద ఉన్న 30 పిన్నుల కనెక్టర్‌ని 2012లో ఆపిల్ వాళ్ళు కొత్త ఫోన్లలో మార్చేసి లైట్నింగ్ తెచ్చారు. దాన్ని నమ్ముకుని డాక్ పెట్టిన ఖరీదైన కార్లన్నీ బోసిపోయాయి. 2016లో ఐఫోన్ 7 నుంచి హెడ్‌ఫోన్ చిల్లు తీసేశారు. 2022 మే నెలలో ఐపాడ్ కథే ముగించారు. 2023లో ఐఫోన్ 15తో లైట్నింగ్ కూడా పోయి యూఎస్‌బీ-సీ వచ్చింది. మా ఐపాడ్‌లో హార్డ్‌డిస్క్ టిక్కు టిక్కుమని పోయింది. తరవాత నా పాత ఫోను గుచ్చాం. ఆ తరవాత తోకలాంటి అడాప్టర్‌తో ఇంకో ఫోను. ఆఖరికి కొన్ని వందల రూపాయల బ్లూటూత్ రిసీవర్ కూడా ఆ చిల్లులోనే గుచ్చాం. గూడెం ఆయన వేసిన జాకు దేనినీ "నువ్వెవరు?" అని అడగలేదు.

కొత్త కారు అడుగుతుంది. అన్నీ అడుగుతుంది. పెయిరింగ్ కోడ్ సరేనా, కాంటాక్ట్‌లు చూడనా, అప్‌డేట్ చేయనా. జాకు లేదు. పెద్ద తెర ఉంది, యూఎస్‌బీ ఉంది. సరే, పెన్‌డ్రైవ్‌లో మామ్మ పాటలు వేసి పెట్టాను. పేర్లు తెలుగులో పెట్టుకున్నాను కదా, తెర నిండా డబ్బాలు! చదరపు డబ్బాల వరస. యూనికోడ్‌లోకి తెలుగు 1991లోనే వచ్చింది. నా ఫోన్లో, నాన్నగారి ఫోన్లో, చివరికి మా పాలవాడి ఫోన్లో కూడా తెలుగు కనపడుతుంది. అన్ని లక్షల రూపాయల కారు తెర మీద కనపడదు.

వరస సంగతి ఇంకా బాగుంది. పాటలు పేరు వరసలో రావు, పెన్‌డ్రైవ్‌లోకి ఏ వరసలో కాపీ అయ్యాయో ఆ వరసలో వస్తాయి. ఫ్యాట్ ఫైల్ సిస్టమ్‌లో డైరెక్టరీ ఎంట్రీలు ఎలా ఉంటే అలా చదువుకుంటూ పోతుందన్నమాట, సార్ట్ చేసే ఓపిక దానికి లేదు. హరికథలో పెళ్ళయిపోయాక స్వయంవరం వస్తుంది. ఇంజను ఆపి మళ్ళీ తీస్తే, నలభై నిమిషాల కథ మొదటికొస్తుంది.

"ఏరా, నువ్వు చేసే ఉద్యోగం ఇదే కదా?" అన్నారు నాన్నగారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు.

అక్కడ తగిలింది నాకు. ఎందుకంటే ఇది ఎక్కడో జర్మనీలోనో జపాన్‌లోనో ఎవరో చేసిన పని అని తప్పించుకోవడానికి లేదు. కార్ల తెరల సాఫ్ట్‌వేర్ బెంగళూరులో, పూణేలో, హైదరాబాద్‌లో చాలామంది రాస్తున్నారు. ఇది చదువుతున్నవాళ్ళలో కూడా ఉంటారు. ఆ ఫాంటు పెట్టనిది, ఆ సార్ట్ రాయనిది, "తరవాత చూద్దాం" అని టికెట్ మూసేసింది మనవాళ్ళే అయ్యుండొచ్చు. నేను కార్ల ప్రాజెక్టుల్లో లేను కానీ, అలాంటి టికెట్లు నేనూ మూశాను. "ఈ ఫీచర్ ఎంతమంది వాడతారు?" అని మీటింగుల్లో అడిగినవాణ్ణి నేనే. ఆ లెక్కలో నాన్నగారు ఎప్పుడూ రారు.

అవతలి వాదన కూడా వినాలి. ఒకటి, జాకు ఎవరూ వాడటం లేదు, బ్లూటూత్ చాలు అంటారు. నిజమే, నేనూ రోజూ బ్లూటూత్‌లోనే వింటాను. హాయిగా ఉంటుంది. కానీ నేను ఫోను ఉన్నవాణ్ణి, మార్చగలిగినవాణ్ణి. రెండు, ఖర్చు. అంత కారులో ఒక జాకు ఖర్చు ఎంత చెప్పండి, లోపల వేసే రబ్బరు మ్యాట్ అంత కూడా ఉండదు. మూడు, జాకులో పాట పేరు కనపడదు, స్టీరింగ్ మీద బటన్లు పనిచేయవు, రొద వస్తుంది. ఇవి నిజమైన లోపాలే. అందుకే నేను జాకు ఒక్కటే ఉండాలనడం లేదు. అన్నిటితో పాటు అదీ ఉండాలంటున్నాను. మిగతావన్నీ ముసలివైపోయిన రోజున ఆదుకోవడానికి.

ఎందుకంటే అవి ముసలివవుతాయి. కారు 15 ఏళ్ళు తిరుగుతుంది, ఫోను మూడు నాలుగేళ్ళు. ఎక్కువకాలం బతికే వస్తువుని తక్కువకాలం బతికేదానికి కట్టేస్తే ముందు పోయేది ఏది? 2022లో అమెరికాలో 3జీ నెట్‌వర్కులు ఆపేస్తే, దాని మీద ఆధారపడ్డ కార్లలో కనెక్టెడ్ సర్వీసులు పోయాయి. కార్లు మాత్రం బాగానే నడుస్తున్నాయి. స్పాటిఫై వాళ్ళు పాత కార్ల కోసం కార్ థింగ్ అని ఒక బుల్లి పరికరం అమ్మారు. 2024 డిసెంబర్ 9 నుంచి అది పనిచేయకుండా ఆపేశారు. ఇంట్లో ఉన్న వస్తువు, డబ్బు కట్టి కొన్నది, విరగలేదు, నీళ్ళలో పడలేదు, ఎక్కడో ఎవరో స్విచ్ కట్టేశారంతే. 2023లో జనరల్ మోటార్స్ తమ రాబోయే ఎలక్ట్రిక్ కార్లలో కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో ఉండవని ప్రకటించింది. ఏది లోపలికి రావాలో వాళ్ళే నిర్ణయిస్తారన్నమాట.

నాకు కావలసింది మూడే మూడు. ఒకటి, మాటామంతీ అడగని ఒక లైన్-ఇన్ జాకు, వెనక గ్లవ్‌బాక్స్‌లో దాచినా సరే. రెండు, పెన్‌డ్రైవ్‌లో ఫైళ్ళు పేరు వరసలో, మన లిపిలో, ఆపినచోటు నుంచి. మూడు, పాట వినడానికి లాగిన్ కానీ, నెట్ కానీ, ఫోను కానీ తప్పనిసరి కాకూడదు. ఇందులో ఒక్కటి కూడా రాకెట్ సైన్స్ కాదు. రెండోది మనలో ఎవరైనా ఒక స్ప్రింట్‌లో చేసేయొచ్చు.

టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం 19వ శతాబ్దంలో చేసిన లావు ప్లగ్గు ఇవాళ్టికీ గిటార్లలో గుచ్చుతున్నారు. దాని తమ్ముడే మన 3.5 మిల్లీమీటర్ల జాకు. అవి అంతకాలం బతకడానికి కారణం తెలివి కాదు, ఏమీ అడగకపోవడం. మన ప్రాజెక్టుల్లో కూడా అంతే కదా. పదేళ్ళ తరవాత వచ్చేవాడు ఏం తెస్తాడో మనకి తెలీదు. వాడి కోసం ఒక చిల్లు వదిలిపెట్టడం మన మర్యాద.

ఇంతకీ మామ్మ పాట ఏమైందంటారా? పెన్‌డ్రైవ్ చెరిపేసి, పాటలకి 001, 002 అని అంకెలు పెట్టి, ఒక్కొక్కటే వరసగా కాపీ చేశాను. కనుమ మర్నాడు కైకలూరు వెళ్ళాం, ఆటపాక దగ్గర గూడబాతులు చూసి వచ్చాం. దారంతా మామ్మ పాడుతూనే ఉంది, వెనకాల నలభై ఏళ్ళ కిందటి బాతులు అరుస్తూనే ఉన్నాయి.

నేను బయల్దేరే ముందు నాన్నగారు ఒక తెల్ల కాగితం మీద స్కెచ్ పెన్నుతో ఆ అంకెల పక్కన పేర్లు రాసుకుని, ఆ పెద్ద తెర కింద టేపుతో అతికించారు. "7 - అమ్మ లాలి. 12 - పెద్దింట్లమ్మ కథ." గుండ్రటి మేష్టారి దస్తూరీ. ఆ కారు మొత్తం మీద తెలుగు కనపడేది ఆ కాగితం మీదే.